పన్ను తీశాక గుంతను అలాగే వదలాలా, ఎముక పొడి నింపించాలా?

పన్ను పోతే దాన్ని పట్టుకున్న ఎముక కూడా కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలో ఆ చోట వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది, అందులో మూడింట రెండు వంతులు తొలి 3 నెలల్లోనే. దెబ్బ ఎక్కువగా పెదవి, బుగ్గ వైపు గోడకే. ముందు పళ్ల దగ్గర ఆ గోడ చాలామందిలో 1 మి.మీ. మందం కూడా ఉండదు.

ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) ఆలోచన లేదు, తీసేది గోడలు దళసరిగా ఉన్న కింది దవడ పన్ను అంటే వదిలేయడమే మేలు. గుంతలో గడ్డకట్టిన రక్తాన్ని కాపాడుకుంటే చాలు: మొదటి రోజు పుక్కిలించకూడదు, స్ట్రా వాడకూడదు. పొగ కొన్ని రోజులైనా మానాలి. గడ్డ ఊడితే పన్ను తీసిన 2–4 రోజుల్లో చెవి దాకా పాకే నొప్పి వస్తుంది. డ్రై సాకెట్ అనేది ఇదే.

ముందు పన్నైనా, కొన్ని నెలలాగి ఇంప్లాంట్ పెట్టించుకోవాలన్నా గ్రాఫ్ట్ (గుంతలో ఎముక పొడి నింపడం) వైపే మొగ్గాలి. అయితే పొడి కంటే ముఖ్యం పన్ను తీసే తీరు. గోడ విరగకుండా, అవసరమైతే పంటి వేర్లను విడదీసి ఒక్కొక్కటిగా తీయాలి. చీము పట్టిన కండను గీకేసి, సెలైన్‌తో కడిగి, తడిపిన పొడిని ఎముక అంచు వరకే వదులుగా నింపాలి. కుక్కితే కొత్త రక్తనాళాలు దూరే సందు ఉండదు. పైన కొల్లాజెన్ పొర కప్పి కుట్లు వేస్తారు. మొదట్లో నాలుగు రేణువులు నోట్లోకి వస్తే కంగారు లేదు. ఆగకుండా వస్తుంటే పొర తెరుచుకుందన్నమాట. ఇంప్లాంట్‌కు సాధారణంగా 4–6 నెలలు ఆగాలి. ఇంతా చేసినా కరగడం తగ్గుతుందే తప్ప పూర్తిగా ఆగదు.

పశువుల ఎముకతో చేసిన పొడి చాలా నెమ్మదిగా కరుగుతుంది, ఆకారాన్ని బాగా నిలుపుతుంది. మనిషి ఎముక పొడి త్వరగా సొంత ఎముకకు చోటిస్తుంది. మన రక్తం నుంచే తీసే పీఆర్‌ఎఫ్ (ప్లేట్‌లెట్లు నిండిన ఫైబ్రిన్ గడ్డ) చిగురు మానడానికి మంచిదే కానీ, పలచని గోడను ఒక్కటే నిలబెడుతుందని నమ్మకండి.

పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ బిగిస్తే ఎముక కరగదన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది తప్పు, అప్పుడూ బుగ్గ వైపు గోడ తగ్గుతుంది. అందుకే ఇంప్లాంట్‌కూ ఆ గోడకూ మధ్య ఖాళీలో పొడి వేస్తారు. చీము కారుతున్న పంటికి ఆ రోజే గ్రాఫ్ట్ వేయించడం కంటే 6–8 వారాలు మాననిచ్చి మొదలుపెట్టడం క్షేమం. ఎముకలు గుల్లబారినందుకు బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడుతున్నవారు ఆ సంగతి పన్ను తీయించకముందే చెప్పాలి.