పర్షియన్ పిల్లికూన: హైదరాబాద్‌లో ఓ ఇంటి బ్రీడర్ గురించి

12 వారాలు నిండందే కూనను ఇవ్వరు, తల్లిని దగ్గరుండి చూపిస్తారు. అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది తల్లీతండ్రీ ఇద్దరివీ పీకేడీ (వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు) జన్యు పరీక్ష రిపోర్టులు చేతిలో పెట్టడం. ఒక్కదానికి ఆ లోపమున్నా ప్రతి కూనకూ వచ్చే అవకాశం సగానికి సగం. కిడ్నీల్లో నీటితిత్తులు మెల్లగా పెరుగుతాయి, లక్షణాలు కనపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. వంశావళి సర్టిఫికెట్ ఎంత ఘనంగా ఉన్నా ఈ రిపోర్టుకు సాటిరాదు.

టీకా కార్డులో ప్రతి డోసుకూ స్టిక్కర్, బ్యాచ్ నంబర్, డాక్టర్ సంతకం ఉన్నాయి. 16 వారాల డోసు మాత్రం మనమే వేయించాలి.

లోపమల్లా తామర విషయంలోనే. ఫంగల్ కల్చర్ (ఫంగస్ ఉందేమో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించరు. చెవి అంచుల్లో, మూతి దగ్గర వెంట్రుకలు ఊడిన గుండ్రటి మచ్చలున్నాయేమో వెలుతురులో చూడండి, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. ముక్కు రంధ్రాలు నొక్కుకుపోయి గురకపెట్టే కూన ఎంత ముద్దొచ్చినా వద్దు. పాత మేత అడిగి తెచ్చుకుని, కొత్తది వారం పాటు కొంచెం కొంచెంగా కలపండి, లేకపోతే విరేచనాలే.