తిరునీర్మలై దగ్గర పది రోజుల విపశ్యన: ఇంటికొచ్చాక ఏం మారింది

చెన్నైలో ఉండే మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. తిరునీర్మలై దారిలో తిరుముడివాక్కం దగ్గర ధమ్మసేతు అని విపశ్యన కేంద్రం ఉంది, అక్కడ పది రోజుల కోర్సు చేశాను. విపశ్యన అంటే శ్వాసనీ, ఒంట్లో తెలిసేవాటినీ ఉన్నవి ఉన్నట్టు గమనించే బౌద్ధ ధ్యాన పద్ధతి. పల్లావరం వైపు నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. పేరుకి పది రోజులే గానీ ముందు రోజు సాయంత్రానికే చేరాలి, పదకొండో రోజు పొద్దున గానీ బయటికి రారు. ఆఫీసులో సెలవు ఆ లెక్కన పెట్టుకోండి.

అక్కడ ఏదో వెలుగు కనిపిస్తుందని, కుండలిని లేస్తుందని ఆశపడి వెళ్లొద్దు. నేను తిరిగొచ్చాక నెల్లూరులో మా చుట్టాలంతా అడిగింది అదే, “ఏం కనిపించిందమ్మా?” అని. నా కోపం కనిపించింది. అది ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో, నోటిదాకా ఎలా వస్తుందో, దాని వెంట పోకుండా ఊరికే చూస్తూ ఉంటే ఎంతసేపట్లో దిగిపోతుందో కనిపించింది. ఆధ్యాత్మిక మెలకువ అని పెద్ద మాట వాడతాం కదా, ఇంట్లో, ఆఫీసులో, లోకల్ ట్రైన్లో పనికొచ్చే మెలకువ ఇదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఫీజు లేదు. వసతి, భోజనం, నేర్పడం అంతా ఉచితం. విరాళం కూడా కోర్సు పూర్తి చేసినవాళ్ల దగ్గరే తీసుకుంటారు, కొత్తవాళ్లు ముందే ఇస్తామన్నా పుచ్చుకోరు. అంటే అక్కడ మనం తినే అన్నం మనకంటే ముందు వచ్చి వెళ్లినవాళ్లు ఎవరో పెట్టిన అన్నం. ఆ సంగతి తెలిసి కంచం ముందు కూర్చుంటే ఒక్క మెతుకు పారేయబుద్ధి కాదు. ఇదే ఊళ్లో ఒక హోటల్ హాల్లో శని, ఆదివారాలు ‘జాగృతి’ క్లాసులని వేలకు వేలు కట్టించుకుని, చివర్లో పై లెవెల్ కోర్సుకి ఇంకెంత కట్టాలో చెప్పినవాళ్లనీ చూశాను. మనశ్శాంతి కోసం వచ్చినవాళ్ల దగ్గర అలా వసూలు చేయడం అన్యాయం.

నియమాలు మాత్రం గట్టివే. ఫోన్, పుస్తకాలు, పెన్ను అన్నీ అప్పజెప్పాలి. పదో రోజు దాకా మౌనం, పక్కవాళ్లకి సైగ కూడా చేయకూడదు. ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరుగా ఉంటారు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, ఆరున్నరకి టిఫిన్, పదకొండుకి భోజనం, సాయంత్రం అయిదింటికి కొత్తవాళ్లకి టీ, పండు, ఇక అంతే. షుగర్ ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు ఆ సంగతి ఫారంలో దాచకుండా రాయాలి. మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్లు డాక్టరుని అడగకుండా, కేంద్రంవాళ్లకి చెప్పకుండా అసలు వెళ్లొద్దు. ఇది బ్రతిమాలి చెబుతున్నా.

మొదటి మూడు రోజులూ పని ఒక్కటే, ముక్కు దగ్గర శ్వాస వస్తూ పోతూ ఉండడం గమనించడం. నాలుగో రోజు నుంచి తల మొదలుకుని కాళ్ల దాకా ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోందో వరసగా చూసుకుంటూ పోవడం. అప్పటి నుంచి రోజుకి మూడుసార్లు, గంటసేపు కదలకుండా కూర్చోమంటారు. మోకాలు మండిపోతుంది. ఇంకొక్క నిమిషం ఉంటే కాలు పోతుందేమో అనిపిస్తుంది. అప్పుడే ఆ మంటలోకి చూడమంటారు. చూస్తే అది ఒకే ముద్దగా ఉండదు, ఇక్కడ పొడుస్తుంది, అక్కడ కొట్టుకుంటుంది, మధ్యలో చల్లగా ఖాళీగా ఉంటుంది, ఉన్నట్టుండి పక్కకి జరుగుతుంది. “అమ్మో నొప్పి” అని మనసు చేసే గోల వేరు, అక్కడ నిజంగా జరిగేది వేరు. నాకు కోర్సు మొత్తంలో అసలైన పాఠం ఇదే.

ఈ పద్ధతిని మళ్లీ మన దేశానికి తెచ్చిన సత్యనారాయణ గోయంకా (1924–2013) బర్మాలో పుట్టి పెరిగిన మార్వాడీ వ్యాపారి. తట్టుకోలేని మైగ్రేన్ తలనొప్పితో గురువు ఉ బా ఖిన్ దగ్గరికి వెళితే, తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దని ఆయన మొదట ఒప్పుకోలేదట. ఆ ఉ బా ఖిన్ సన్యాసి కాదు, పెళ్లాం బిడ్డలున్న సంసారి, స్వతంత్ర బర్మాకి మొదటి అకౌంటెంట్ జనరల్, ఆఫీసులో తన కింద పనిచేసేవాళ్లకి కూడా ధ్యానం నేర్పినవాడు. గోయంకా 1969లో ఇండియా వచ్చి కోర్సులు మొదలుపెట్టారు. సంసారం వదిలితేనే ఇవన్నీ కుదురుతాయని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది కదా, అందుకే ఈ కథ చెప్పాను. ఫైళ్లు, జీతాలు, పిల్లల మధ్య ఉండి ఉ బా ఖిన్ చేసిన పని ఇది.

ఇక ఇంటి సంగతి. ఊళ్లో పొలం వాటా గురించి మా అన్నయ్యకీ నాకూ ఎప్పటి నుంచో నలుగుతోంది. వచ్చిన కొత్తలోనే ఫోన్ చేశాడు, “నీకు పెళ్లప్పుడే ఇచ్చేశాం కదమ్మా” అని మళ్లీ అదే మాట. చెవుల దగ్గర వేడి, గొంతులో బిగుసుకోవడం, ఫోన్ పట్టుకున్న వేళ్లు గట్టిపడడం, అన్నీ తెలిశాయి. పాలు అంచుదాకా వచ్చినప్పుడు చూసినవాళ్లు మంట తగ్గిస్తారు, అంతే జరిగింది. కాసేపు మాట్లాడలేదు, ఆ వేడి దిగింది. అప్పుడు నెమ్మదిగా, “అన్నయ్యా, నా వాటా నాకు కావాలి, కాగితాలు తీసుకుని కూర్చుని మాట్లాడుకుందాం” అన్నాను. వాటా వదులుకోలేదు, అన్నయ్యనీ వదులుకోలేదు. ధ్యానం చేస్తే మెత్తబడిపోతారని, అన్యాయం జరిగినా నవ్వుతూ ఊరుకోవాలని అనుకునేవాళ్లకి ఇది చెప్పాలనిపించింది. కోపం దిగాక చెప్పిన మాటకి ఎదుటివాళ్లు జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది.

అన్నీ మారిపోయాయని మాత్రం చెప్పను. మేడవాక్కం దగ్గర ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుంటే ఇప్పటికీ టెన్షనే. పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని అక్కడ చెప్పి పంపిస్తారు. వంట, స్కూలు, ఆఫీసు ఉన్న ఇంట్లో సాయంత్రం గంట దొరకడం చాలా కష్టం, నాకు పొద్దుటిదే సాగుతోంది. కొన్నాళ్లు అదీ మానేస్తే ఆ పట్టు సడలిపోతుంది, నోరు మళ్లీ ముందుకొచ్చేస్తుంది, నేను గమనించేలోపే మాట అయిపోతుంది. అందుకే ఒక్కసారి వెళ్లొస్తే జీవితం మారిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ దొరికేది పనిముట్టు, పని ఇంటికొచ్చాక మనదే.

దరఖాస్తు ఆన్‌లైన్లోనే. ఫారంలో తెలిసిన భాషల దగ్గర తెలుగు అని తప్పకుండా రాయండి, రోజూ రాత్రి వినిపించే ప్రవచనాలకి తెలుగు రికార్డింగులు ఉన్నాయి. చెన్నైలో సీటు దొరక్కపోతే హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త ఉంది, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ ఉంది. నేల మీద కూర్చోలేనివాళ్లు కుర్చీ కావాలని ముందే రాస్తే సరి.