ఆరింటిలో ఏది ముందు పడిపోవాలి: ఒక బ్యాలెన్స్ టీమ్‌తో చాలాకాలం ఆడాక

పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ గేమ్‌లు 2022 నవంబర్‌లో వచ్చాయి. 2023 సెప్టెంబర్‌లో ఒక డీఎల్‌సీ (గేమ్‌కి అదనపు భాగం), డిసెంబర్‌లో ఇంకొకటి వచ్చి పాత పోకెమాన్‌లు బోలెడన్ని తిరిగొచ్చాక, షోడౌన్ అనే ఆన్‌లైన్ పోరు సిమ్యులేటర్‌లో ఆరుకి ఆరు సింగిల్స్ (ఇద్దరూ ఆరేసి పోకెమాన్‌లతో, ఒక్కసారికి ఒక్కొక్కటే దింపి ఆడేది) కోసం ఒక టీమ్ కట్టుకున్నాను. గ్రేట్ టస్క్, గలారియన్ స్లోకింగ్, క్లెఫేబుల్, కార్వినైట్, డ్రాగపల్ట్, కింగాంబిట్. మూవ్‌లు, ఐటమ్‌లు అప్పుడప్పుడు మార్చాను కానీ ఆ ఆరింటినీ కదపలేదు. ఈ సమీక్ష ఆ బ్యాలెన్స్ టీమ్ గురించి, అంటే దాడీ రక్షణా కలిపి కట్టిన టీమ్. ఆట ఎలా ఉందో చెప్పడానికి వేరేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ముందు టైప్‌ల సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు బ్యాలెన్స్ అంటే అదొక్కటే అనుకుంటారు. పద్దెనిమిది టైప్‌ల పట్టిక ముందేసుకుని ప్రతి దాడికీ తట్టుకునేది ఒకటి ఉందా అని గళ్ళు నింపుతారు. ఈ టీమ్‌లో గళ్ళు దాదాపు నిండాయి. గ్రేట్ టస్క్ మీదికి గ్రాస్, ఫ్లయింగ్, సైకిక్, ఫెయిరీ దాడులొస్తే కార్వినైట్ వచ్చి తింటుంది. కార్వినైట్ మీదికి కరెంటు వస్తే గ్రేట్ టస్క్‌కి అసలు తగలదు. క్లెఫేబుల్‌కి పడని పాయిజన్, స్టీల్ రెండూ కార్వినైట్‌కి లెక్కలోవి కావు. స్లోకింగ్‌కి భయమైన గోస్ట్, డార్క్ దాడుల్ని కింగాంబిట్ చూసుకుంటుంది. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. కానీ మ్యాచ్‌లు గెలిచేదీ ఓడేదీ ఈ పట్టిక దగ్గర కాదు. ఆరింటిలో ఒకటి పడిపోయాక మిగతా అయిదింటికీ ఇంకా పని మిగిలి ఉందా అన్నదే నేను చూసే బ్యాలెన్స్.

ఈ టీమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది స్లోకింగ్, గ్రేట్ టస్క్‌ల జంట. స్లోకింగ్ ఫ్యూచర్ సైట్ వేస్తే ఆ దెబ్బ రెండు టర్న్‌ల తర్వాత పడుతుంది, బలం 120. ఈలోగా స్లోకింగ్ బయటికి వెళ్ళిపోతుంది, గ్రేట్ టస్క్ లోపలికి వస్తుంది. సైకిక్ దాడి తగలనివి డార్క్ టైప్‌లే, కానీ వాటికి గ్రేట్ టస్క్ క్లోజ్ కంబాట్ అంటే హడల్. క్లోజ్ కంబాట్‌ని ఓర్చుకునే టాక్సాపెక్స్ లాంటి పాయిజన్ టైప్‌లకి సైకిక్ దాడి రెట్టింపు పడుతుంది. అటు తిరిగినా ఇటు తిరిగినా దెబ్బే, అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. ఎదుటివాళ్ళు ఆ రెండు టర్న్‌ల్లో ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకున్నారన్నదాన్ని బట్టి వాళ్ళ దృష్టిలో ఏది ముఖ్యమో మనకి తెలిసిపోతుంది. ఆ తెలియడం దెబ్బకన్నా విలువైనది.

స్లోకింగ్ గురించి ఇంకో మాట. తొమ్మిదో తరంలో (అంటే ఈ స్కార్లెట్, వయొలెట్‌లలో) రికవర్, రూస్ట్, స్లాక్ ఆఫ్ లాంటి ప్రాణం నింపుకునే మూవ్‌ల పీపీని, అంటే వాటిని ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్కని, పది నుంచి అయిదుకి తగ్గించారు. పీపీ పెంచుకున్నా ఎనిమిది సార్లే. పాత తరాల్లో గోడలా నిలబడి గంటలు గడిపే ఆట అలవాటైన నాలాంటివాళ్ళకి ఇది మింగుడుపడలేదు. కానీ స్లోకింగ్‌కి రీజనరేటర్ అనే సహజ శక్తి (ఎబిలిటీ) ఉంది. బయటికి వెళ్ళిన ప్రతిసారీ మొత్తం ప్రాణంలో మూడో వంతు తిరిగొస్తుంది, పీపీ ఖర్చు లేదు. చిల్లీ రిసెప్షన్ అనే మూవ్‌తో వెళ్తే మంచు కురిపించి మరీ వెళ్తుంది. దాని మూల వేగం 30, అంటే దాదాపు ఎప్పుడూ చివరిదే. అదే మంచిది. దెబ్బ ముందు తినేసి ఆ తర్వాత తప్పుకుంటుంది కాబట్టి లోపలికి వచ్చేది ఒంటి మీద గీత పడకుండా దిగుతుంది. డ్రాగపల్ట్ లాంటి పలచటి పోకెమాన్‌ని క్షేమంగా దింపడానికి ఈ టీమ్‌లో ఇంతకన్నా మంచి దారి లేదు.

అయితే ఆ మంచుతో ఒక తలనొప్పి ఉంది. క్లెఫేబుల్ ప్రాణం నింపుకునేది మూన్‌లైట్‌తో. మామూలుగా సగం వస్తుంది. మంచు కురుస్తుంటే నాలుగో వంతే. అంటే స్లోకింగ్ మంచు కురిపించి వెళ్ళిన ఆ అయిదు టర్న్‌లూ క్లెఫేబుల్‌ని గోడగా నమ్ముకోకూడదు. టైప్‌ల పట్టికలో ఈ గొడవ ఎక్కడా కనబడదు. రెండూ విడివిడిగా చూస్తే బంగారంలాంటి పోకెమాన్‌లే, పక్కపక్కన పెడితే ఒకదాని పని ఇంకొకదానికి అడ్డం. మొదట్లో స్లోకింగ్‌ని తీసేద్దామా అనిపించింది. ఉంచింది మాత్రం వర్షం టీమ్‌ల వల్ల.

ఈ టీమ్‌కి అసలైన బలహీనత వర్షమే. ఆరింటిలో నీటి దాడిని ఓర్చుకునేది డ్రాగపల్ట్ ఒక్కటే, అది కూడా పలచటిది. పెలిపర్ దిగగానే వర్షం మొదలవుతుంది, నీటి దాడుల బలం ఒకటిన్నర రెట్లవుతుంది, స్విఫ్ట్ స్విమ్ ఉన్న బారాస్క్యూడా వేగం రెట్టింపవుతుంది. డ్రాగపల్ట్ కూడా దాని ముందు నిలబడదు. పైగా వర్షంలోనూ మూన్‌లైట్ నాలుగో వంతే ఇస్తుంది. అలాంటప్పుడు చిల్లీ రిసెప్షన్ వేస్తే వర్షం పోయి మంచు వస్తుంది, బారాస్క్యూడా మళ్ళీ మామూలు చేప. క్లెఫేబుల్‌ని ఇబ్బందిపెట్టే మూవే టీమ్‌ని కాపాడుతుంది. కాకపోతే స్లోకింగ్ ముందు దెబ్బ తినాలి, పెలిపర్ బతికుంటే మళ్ళీ వర్షం తెస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే వర్షం టీమ్ ఎదురైతే నేను గెలుస్తానని పందెం కాయను.

ఇక ఎదుటి పోకెమాన్ దిగినప్పుడల్లా దెబ్బ తగిలేలా నేల మీద పరిచే వాటి సంగతి. స్టెల్త్ రాక్ మామూలుగా ఎనిమిదో వంతు ప్రాణం తీస్తుంది, వోల్కరోనా లాంటి వాటికి ఏకంగా సగం. స్పైక్స్ ఒక పొర ఎనిమిదో వంతు, మూడు పొరలైతే నాలుగో వంతు. బ్యాలెన్స్ టీమ్ అంటే మార్చి మార్చి దింపడమే కాబట్టి ఈ లెక్క మనకే ఎక్కువ తగులుతుంది. క్లెఫేబుల్‌కి మ్యాజిక్ గార్డ్ ఉంది కనుక ఏదీ అంటదు. కార్వినైట్‌కి స్పైక్స్ తగలవు. స్లోకింగ్‌కి, డ్రాగపల్ట్‌కి హెవీ డ్యూటీ బూట్స్ (పరిచినవేవీ తగలనివ్వని ఐటమ్) తొడిగాను. ఊడ్చే పని గ్రేట్ టస్క్‌ది. ర్యాపిడ్ స్పిన్‌తో మన వైపు శుభ్రమవుతుంది, దానితో పాటు వేగం ఒక మెట్టు పెరుగుతుంది. జాలీ నేచర్‌తో దాని వేగం 300. ఒక్క స్పిన్ తర్వాత 450. డ్రాగపల్ట్ గరిష్ఠ వేగం 421 అని గుర్తుపెట్టుకుంటే ఇదెంత మార్పో అర్థమవుతుంది.

దీనికి అడ్డం పడేది గోల్డెంగో. గోస్ట్ టైప్ కాబట్టి స్పిన్ తగలదు, గుడ్ ఆజ్ గోల్డ్ అనే దాని శక్తి వల్ల డీఫాగ్ (పరిచినవాటిని ఊడ్చే ఇంకో మూవ్) కూడా పారదు. కానీ గ్రేట్ టస్క్ ముందుకి అది దిగాలంటే హెడ్‌లాంగ్ రష్ అనే భూమి దాడి తినడానికి సిద్ధపడి దిగాలి. ఎయిర్ బెలూన్ పట్టుకుని వస్తే మాత్రం భూమి దాడి తగలదు, అప్పుడు నాక్ ఆఫ్ వేయాలి. ఆ ఒక్క టర్న్ ఎవరిదన్నది ఊహే. ఆ ఊహ తప్పిందని టీమ్‌ని తిట్టుకోవడం అన్యాయం.

నాక్ ఆఫ్ అన్నాను కాబట్టి అది మన మీద పడినప్పటి సంగతి కూడా చెప్పాలి. ఈ తరంలో బ్యాలెన్స్ టీమ్‌ల నడుం విరిచేది ఇదే అని నా అభిప్రాయం. ఐటమ్ ఉన్నవాటి మీద దాని బలం 65 నుంచి 97.5కి పెరుగుతుంది, ఆ ఐటమ్ ఊడిపోతుంది. డ్రాగపల్ట్ బూట్లు పోతే దిగిన ప్రతిసారీ రాళ్ళకి ఎనిమిదో వంతు అర్పించాలి. స్లోకింగ్ బూట్లు పోయినా రాళ్ళు తీసేది ఎనిమిదో వంతు, రీజనరేటర్ ఇచ్చేది మూడో వంతు కాబట్టి ఇంకా లాభంలోనే ఉంటుంది. అయినా నాక్ ఆఫ్ వస్తుందనిపిస్తే నేను దింపేది క్లెఫేబుల్‌నే. డార్క్ దాడి దాని మీద సగమే, పోయేది లెఫ్ట్‌ఓవర్స్, రాళ్ళతో దానికి ఎలాగూ పనిలేదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేని ఒకదాన్ని టీమ్‌లో పెట్టుకోవడం ఎంత హాయో ఆడితేగానీ తెలియదు.

డ్రాగపల్ట్, కార్వినైట్‌ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మొదటిది హెక్స్ వేస్తుంది, ఎదుటిదానికి కాలినా పక్షవాతం వచ్చినా ఆ హెక్స్ బలం 65 నుంచి 130 అవుతుంది. రెండోది రాకీ హెల్మెట్ పెట్టుకుని ముట్టుకున్నవాళ్ళ దగ్గర ఆరో వంతు వసూలు చేసి యూ టర్న్‌తో పోతుంది. నమ్మకమైన ఉద్యోగులు.

అసలు కథ కింగాంబిట్‌ది. సుప్రీం ఓవర్‌లార్డ్ వల్ల మనవాళ్ళు ఒక్కొక్కరు పడిపోయినకొద్దీ దాని దాడుల బలం పది శాతం చొప్పున, గరిష్ఠంగా యాభై శాతం దాకా పెరుగుతుంది. బ్యాలెన్స్ ఆడేవాడి బుద్ధేమో అందరినీ బతికించుకోవాలని. ఈ రెండింటికీ పొసగదనుకుంటారు. నిజానికి ఈ టీమ్ నడిచేదే ఆ పొసగనితనం మీద. మూడు పడిపోయాక మిగతా ఎత్తుగడలన్నీ బలహీనమవుతుంటే ఇది బలపడుతుంది. అందుకే ఆరింటి జాబితా కనబడగానే నేను చూసుకునేది ఎవరిని ఎవరు కొడతారని కాదు, ఈ ప్రత్యర్థి మీద మనలో ఎవరు ముందు పోయినా ఫరవాలేదు అని. వోల్కరోనా ఉంటే రాళ్ళు పడేదాకా క్లెఫేబుల్ పోకూడదు. ఎదురుగా స్పైక్స్ వేసే హిసుయన్ సామురాట్ ఉంటే గ్రేట్ టస్క్‌ని ముందే తగలెయ్యకూడదు. ఆ పని అయిపోయాక మాత్రం దాన్ని కాపాడటానికి ఇంకొకదానికి దెబ్బ తగిలించడం దండగ, పోనివ్వాలి.

కింగాంబిట్‌కి ఈవీలు (గుణాలు పెంచే శిక్షణ పాయింట్లు) పంచడంలో ఒక చిన్న సరదా ఉంది. మొత్తం 510, ఒక్కో గుణానికి 252 మించకూడదు, వందో స్థాయిలో నాలుగుకి ఒక పాయింటు. నేను దాడికి 252, వేగానికి 140, మిగిలినవాటిలో 116 ప్రాణానికి ఇచ్చాను. దాంతో వేగం 171 అవుతుంది. వేగానికి ఏమీ పెట్టని కార్వినైట్ 170 దగ్గర ఆగుతుంది. ఇంకో లాభం: మూల వేగం 100 ఉన్నవాటి గరిష్ఠ వేగం 328, క్లెఫేబుల్ థండర్ వేవ్ తగిలితే అది 164కి పడిపోతుంది. అప్పుడు సక్కర్ పంచ్ (ఎదుటిది దాడి చేయబోతేనే ముందుగా తగిలే దెబ్బ) పారుతుందా లేదా అని జూదం ఆడక్కర్లేదు, ముందు మనదే దెబ్బ. దాడి చేయనివాటి మీద సక్కర్ పంచ్ పారదు కాబట్టి ఈ తేడాతో చాలా మ్యాచ్‌లు మలుపు తిరిగాయి.

టెరాని, అంటే మ్యాచ్‌లో ఒక్కసారి ఒక పోకెమాన్ టైప్‌ని మార్చేసే వీలుని, ఎక్కువగా కింగాంబిట్ కోసమే దాచుకుంటాను, గోస్ట్‌గా. ఫైటింగ్ దాడి దానికి నాలుగు రెట్లు తగిలేది, టెరా వేయగానే అసలు తగలదు, తన డార్క్ దాడుల బలం మాత్రం ఎక్కడికీ పోదు. టెరా ఉన్న తరంలో బ్యాలెన్స్ ఆడటం కష్టమని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయలేను. ఒకదానికి ఒకటి అడ్డం పెట్టుకునే పద్ధతి మీదే మన టీమ్ నిలబడింది, ఎదుటిది ఒక్క టర్న్‌లో టైప్ మార్చేస్తే ఆ అడ్డం గాలికి పోతుంది. డ్రాగనైట్ నార్మల్‌గా మారి ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ వేయడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ చేతులు చెమటలు పడతాయి. అందుకే స్టెల్త్ రాక్ తొందరగా పరచడం. డ్రాగనైట్ మల్టీస్కేల్ (దెబ్బని సగం చేసే శక్తి) నిండు ప్రాణం ఉన్నంతవరకే పనిచేస్తుంది.

స్టాల్ టీమ్‌ల (రక్షణతోనే మ్యాచ్ సాగదీసేవి) మీద ఇది అనుకున్నదానికన్నా బాగా నడిచింది. డొండోజోకి అనవేర్ ఉంది, కింగాంబిట్ కత్తుల నాట్యం (స్వోర్డ్స్ డాన్స్, దాడిని మెట్లు మెట్లుగా పెంచుకునే మూవ్) ఎంత ఆడినా పట్టించుకోదు. కానీ సుప్రీం ఓవర్‌లార్డ్ ఇచ్చే బలం ఆ మెట్ల లెక్కలోకి రాదు, డొండోజోకి పూర్తిగానే తగులుతుంది. దాని స్పెషల్ డిఫెన్స్ మూల విలువ 65 మాత్రమే, ఫ్యూచర్ సైట్, హెక్స్ కలిసి పడితే కదులుతుంది. మ్యాచ్ మాత్రం సాగుతుంది. ఓపిక లేనివాళ్ళకి ఈ టీమ్ ఇవ్వను.

ఆటలోని ర్యాంక్డ్ సింగిల్స్‌కి దీన్ని ఇలాగే తీసుకెళ్దామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. అక్కడ ఆరు చూపించి మూడే దింపాలి. మూడింటిలో కింగాంబిట్ ఒకటైతే దాని ముందు పడిపోగలిగేవి రెండే, వచ్చే బలం ఇరవై శాతమే. రాళ్ళు పరిచి మార్చి మార్చి దింపే తీరిక అక్కడ ఉండదు. క్లెఫేబుల్, స్లోకింగ్‌ల చోట సూటిగా కొట్టేవాటిని పెట్టి మళ్ళీ మొదట్నించీ కట్టుకోవాలి.