చలికాలం ‘మనశ్శాంతి టీ’ కొంటున్నారా? ఇంట్లో బీపీ మాత్రలు వాడేవాళ్లుంటే ముందు ఇది చదవండి

కోరాపుట్, సునాబెడ, సెమిలిగూడ, జయపురం, రాయగడ వైపు ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడ చలి మొదలైతే చాలు, ఫోన్లో ఆ హెర్బల్ టీల ప్రకటనలే. ‘చలికాలపు దిగులు పోతుంది, నిద్ర పడుతుంది, మనసు తేలికవుతుంది’ అంటారు. నేను నమ్మాను, కొన్నాను. మా అమ్మ చేత మూడు వారాలు తాగించాను. ఆ మూడు వారాల చివర అమ్మను కోరాపుట్ తీసుకెళ్లి ఈసీజీ తీయించాల్సి వచ్చింది.

అమ్మకి 63 ఏళ్లు. నాన్నగారు పోయాక సాలూరు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. సాలూరులో చలి ఒకలా ఉంటుంది, ఘాట్ ఎక్కి ఈ పైకి వచ్చాక చలి వేరు. డిసెంబర్లో తొమ్మిదింటికి కూడా మంచు విడవదు. నాలుగున్నరకే వెలుతురు పల్చబడిపోతుంది. అమ్మ రగ్గు కప్పుకుని కిటికీ దగ్గరే కూర్చుండిపోయేది. వంట మీద ధ్యాస లేదు, టీవీ పెట్టినా చూసేది కాదు. ‘ఒంట్లో బాగోలేదా?’ అంటే ‘ఏం లేదులే’ అనేది. రాత్రి రెండింటికి లేచి చూస్తే మెలకువగానే ఉండేది. అలా చూస్తూ ఊరుకోలేక వెతుకుతుంటే ఆ ప్రకటన కనబడింది.

పేరు రాయను. ఆకుపచ్చ డబ్బా, మీద బంగారు రంగు అక్షరాలు, ధ్యానంలో కూర్చున్న మనిషి బొమ్మ. ముందు వైపు చామంతి, లావెండర్, తులసి బొమ్మలు. వంద శాతం సహజం, ఎలాంటి సైడ్ ఎఫెక్టులు లేవు, 21 రోజుల్లో టెన్షన్ మాయం అని రాసి ఉంది. సామాజిక మాధ్యమంలో ఒక పేజీ, వాట్సాప్‌లో ఆర్డర్. రెండు డబ్బాలు 1,198 రూపాయలు, ముందే కట్టాలి. అమ్మకి బీపీ ఉందని, రోజూ మాత్ర వేసుకుంటుందని నేను ముందే మెసేజ్ పెట్టాను. వచ్చిన జవాబు ఇది: ‘మేడమ్, ఇది మందు కాదు, టీ మాత్రమే. బీపీ కూడా తగ్గుతుంది. త్వరగా ఫలితం కావాలంటే రోజుకి మూడు కప్పులు ఇవ్వండి.’ డబ్బా మీద మాత్రం రోజుకి ఒక కప్పు అనే ఉంది. ఆ తేడా నాకు కనబడింది. కనబడినా వాళ్ల మాటే విన్నాను.

మొదటి రోజు తాగి అమ్మ ఒక మాట అంది. ‘ఏమే, చక్కెర వేశావా? తియ్యగా ఉందే.’ నేను వెయ్యలేదు. తులసి తియ్యగా ఉండదు, చామంతి చేదు తగులుతుంది. మరి ఆ తీపి ఎక్కడిదని నాకు అప్పుడు తోచలేదు. అమ్మకి నచ్చింది కదా అని సంతోషించాను. ఎన్నో నెలల తర్వాత తనంతట తాను ‘ఇంకో కప్పు ఇవ్వవే’ అని అడిగింది. ఆ మాటకే నా కడుపు నిండిపోయింది.

రెండో వారం చివరికి అమ్మ పాదాలు వాచాయి. చలికి అనుకున్నాం. తర్వాత పిక్కలు పట్టేయడం, మెట్లెక్కితే కాళ్లలో సత్తువ లేదనడం, తలనొప్పి. ఒక రోజు పొద్దున బాత్రూం గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయింది, అడుగు పడలేదు. ఇంట్లో ఉన్న మిషన్‌తో చూస్తే బీపీ 184/102. మామూలుగా మాత్రతో 130/80 దగ్గర ఉండే మనిషి. మాత్ర ఒక్క రోజు కూడా మానలేదు.

కోరాపుట్‌లో డాక్టరు గారు రక్తపరీక్ష రాశారు. పొటాషియం 2.8 వచ్చింది. 3.5 నుంచి 5 మధ్య ఉండాలిట. ఇంత తగ్గితే గుండె కొట్టుకునే లయ తప్పే ప్రమాదం ఉంటుందని వెంటనే ఈసీజీ తీశారు. కొత్తగా ఏమైనా మందు మొదలుపెట్టారా అని అడిగితే నేను లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నా బుర్రలో టీ మందు లెక్కలో లేదు. ఆయన వదల్లేదు. కషాయాలు, లేహ్యాలు, చెట్ల మందులు, పొడులు అని ఒక్కొక్కటీ అడుగుతుంటే అప్పుడు చెప్పాను. డబ్బా ఫోటో చూపించమన్నారు.

ఫోటోలో వెనకవైపు ఒక తెల్ల స్టిక్కరు, దాని మీద ధర, బార్‌కోడ్. అది సరిగ్గా పదార్థాల పట్టీ మీదే అంటించి ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన స్టిక్కర్ని గోరువెచ్చటి నీళ్లతో తడిపి ఊడదీసి మళ్లీ ఫోటో పంపారు. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో మొదటి పేరు గ్లైసిరైజా గ్లాబ్రా, దాని పక్కనే ములేఠీ అని ఉంది. తర్వాత నిమ్మగడ్డి, తులసి, అశ్వగంధ. చామంతి చిట్టచివర ఉంది. లావెండర్ అయితే పువ్వు కూడా కాదు, ఫ్లేవర్.

డాక్టరు గారు ఒడియా ఆయన. అమ్మ వైపు తిరిగి ‘జష్టిమధు, మా’ అన్నారు. అమ్మ ఒక్క క్షణం ఆగి ‘అతిమధురమా?’ అంది. మా చిన్నప్పుడు దగ్గొస్తే చిన్న ముక్క బుగ్గన పెట్టుకోమని ఇచ్చింది అమ్మే. ఆ వేరు వాసన, రుచి, పని అన్నీ తెలిసిన మనిషి. తెలుగులో అతిమధురం అని రాసి ఉంటే మొదటి రోజే ‘దగ్గు లేకుండా రోజుకి మూడుసార్లు ఇది నాకెందుకే?’ అని అడిగి ఉండేది. ఇక్కడ మనం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతాం. డబ్బా మీద హిందీ పేరు, ఇంగ్లీషు పేరు, లాటిన్ పేరు. అమ్మకి బాగా తెలిసిన వేరు అమ్మకి తెలియని పేరుతో మా ఇంట్లోకి వచ్చింది.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంత వరకు రాస్తాను, ఎందుకంటే ఇది ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి. అతిమధురానికి తీపి ఇచ్చేది గ్లైసిరైజిన్ అనే పదార్థం. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఒకటి ఉంటుంది. అది కిడ్నీ మీద ఎక్కువ పని చేయకుండా అక్కడే ఒక ఎంజైమ్ దాన్ని అణుస్తూ ఉంటుంది. రోజూ అతిమధురం లోపలికి వెళితే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. అప్పుడు ఒళ్లు ఉప్పును, నీటిని పట్టి ఉంచుకుని పొటాషియాన్ని మూత్రంలో వదిలేస్తుంది. అందుకే వాపు, బీపీ పెరగడం, కండరాలు పట్టేయడం. అమ్మ వేసుకునే బీపీ మాత్రలో నీరు తీసే మందు కూడా కలిసి ఉంది. అలాంటి మందూ పొటాషియం తగ్గించేదే. రెండూ ఒకే వైపు లాగాయి. యూరప్‌లో అయితే 2004 నాటి నిబంధన ప్రకారం, పానీయంలో ఈ పదార్థం లీటరుకు 50 మిల్లీగ్రాములు లేక అంతకు మించి ఉంటే, బీపీ ఉన్నవాళ్లు ఎక్కువగా తాగకూడదని డబ్బా మీద రాయాలి. మా డబ్బా మీద ఉన్నది ‘సైడ్ ఎఫెక్టులు లేవు’ అన్న మాట.

దగ్గుకి రెండు రోజులు అతిమధురం చప్పరించడం తప్పు అనడం లేదు. ఆ వేరు మీద నాకు కోపం లేదు. మోతాదు చెప్పకుండా, పేరు కనబడకుండా, బీపీ ఉందని చెప్పినా వినకుండా మూడు కప్పులు తాగించమన్న వాళ్ల మీదే నా కోపం.

టీ ఆపించారు, పొటాషియం సిరప్ ఇచ్చారు, కొన్నాళ్లకి మాత్ర మార్చారు. ఆపిన మర్నాడే తగ్గిపోతుందనుకోకండి. అమ్మ వాపు పూర్తిగా తీయడానికి, బీపీ దారిలోకి రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది.

ఆ డబ్బాలోని మిగతా పేర్ల గురించి కూడా అడిగాను. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ని పెంచగలదు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు అడగకుండా వాడకూడదు. మత్తు కూడా తెస్తుంది కాబట్టి నిద్రమాత్రలతో కలిపితే ప్రమాదం. గర్భిణులు దాని జోలికే పోవద్దన్నారు. చామంతి జాతి పువ్వులు పడనివాళ్లకి చామంతి టీ తాగితే దద్దుర్లు, ఆయాసం రావచ్చు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా దాంతో జాగ్రత్తగా ఉండాలి. ఇంకొకటి, మా డబ్బాలో లేదు కానీ ‘మూడ్ టీ’ల్లో కలుపుతారు, సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మొక్క. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లు అది తాగితే ప్రాణం మీదికి రావచ్చు. గర్భనిరోధక మాత్రల పనిని కూడా తగ్గించేస్తుంది. ఈ మాట ఆడపిల్లలున్న ఇళ్లలో తప్పకుండా చెప్పండి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. వాపసు అడిగితే ‘తినే వస్తువు తిరిగి తీసుకోం’ అన్నారు, డాక్టరు చీటీ పంపితే నంబరు బ్లాక్ చేశారు. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు లెక్కపెడితే 13 అంకెలే ఉన్నాయి. 14 ఉండాలి. ఆయుర్వేద మందు అనుకుందామంటే దాని తయారీ లైసెన్సు నంబరూ లేదు. తయారుచేసిన వాళ్ల చిరునామాలో ఊరు పేరు తప్ప ఇంకేమీ లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా పెట్టాను. ఇంకా డబ్బు రాలేదు. కోపంలో డబ్బాలు చెత్తలో పడేయబోతే మా ఆయన ఆపారు. మీరూ పారేయకండి. డబ్బా, డబ్బు కట్టిన రసీదు, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు, డాక్టరు చీటీ, రక్తపరీక్ష కాగితం, అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. మాది అలాగే బీరువాలో ఉంది.

కొనేముందు చూడాల్సింది ముందు వైపు బొమ్మలు కాదు, వెనకవైపు పట్టీ. అందులో పేర్లు బరువు ప్రకారం పెద్దది ముందు, చిన్నది తర్వాత వరసగా ఉండాలి. మొదటి రెండు పేర్లే మీరు నిజంగా తాగేది. ఆ పేరు మీకు తెలియకపోతే దానికి తెలుగులో ఏమంటారో, ఒడియాలో ఏమంటారో తెలిసేదాకా పొయ్యి మీద నీళ్లు పెట్టకండి. లికరిస్, ములేఠీ, యష్టిమధు, జష్టిమధు, అతిమధురం, అన్నీ ఒకటే వేరు. చక్కెర వేయకుండానే తియ్యగా ఉన్న హెర్బల్ టీ ఏదైనా సరే, ఆ తీపి ఎక్కడిదో అడగండి. పట్టీ మీద స్టిక్కర్ ఉంటే ఊడదీసి చూడండి. ‘హెర్బల్ బ్లెండ్’ అని ఒక్క మాట రాసి వదిలేసినదైతే అసలు కొనకండి. జబ్బు నయం చేస్తుందని తినే వస్తువు మీద రాయడానికి 2018 నిబంధనల ప్రకారం వీల్లేదు. తేయాకు మొక్క నుంచి రానిదాన్ని టీ అని పిలవకూడదని 2025 డిసెంబర్లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ స్పష్టం చేసింది కూడా. నన్ను మోసం చేసింది ఆ టీ అనే చిన్న మాటే. టీ అంటే ఏమవుతుందిలే అనుకున్నాను.

అమ్మ దిగులు సంగతి డాక్టరు గారే ఎత్తారు. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, ఆసక్తి లేకపోతే దాన్ని టీకి వదిలేయకూడదు, మాట్లాడాలి అన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చారు. ఉచితం, 24 గంటలూ ఉంటుంది. అమ్మ మొదట ‘నాకేం పిచ్చా?’ అంది. తెలుగులోనే మాట్లాడొచ్చని చెప్పి నేను పక్కన కూర్చుంటే మాట్లాడింది. నాన్నగారి గురించి నాతో ఎప్పుడూ అనని మాటలు అందులో అంది. తర్వాత మరో రెండుసార్లు తనే ఫోన్ చేయమంది.

వేడివేడిగా ఒక గ్లాసు చేతిలో ఉంటే చలికాలంలో హాయిగా ఉంటుంది, అది నేను కాదనను. డాక్టరు గారిని అడిగే ఇప్పుడు మా పెరట్లో నిమ్మగడ్డి రెండు ఆకులు, సెమిలిగూడ సంతలో కొన్న అల్లం చిన్న ముక్క వేసి మరిగిస్తున్నాం. రోజుకి ఒక గ్లాసు, అంతే. చేసేది అమ్మే. ఆకు తుంచి వాసన చూస్తుంది, మూత పెట్టి ఐదు నిమిషాలు అక్కడే నిలబడుతుంది. మంచు విడిచాక డాబా మీద ఎండలో కూర్చుని తాగుతుంది. పక్కింటి ఒడియా మావుసి కూడా తన గ్లాసు పట్టుకుని వస్తుంది. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. అయినా గంట కూర్చుంటారు. అమ్మ ఫోను కింద గదిలోనే ఉంటుంది.

ఇలాంటి ఆకుపచ్చ డబ్బా ఎవరింట్లోనైనా ఉంటే, దాన్ని బీపీ, షుగర్, గుండె, కిడ్నీ, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు ఎవరైనా తాగుతుంటే, ఈ రోజే ఆపించి మీ డాక్టరుకి పట్టీ ఫోటో చూపించండి. కాళ్ల వాపు, పిక్కలు పట్టేయడం, నీరసం మొదలై ఉంటే పొటాషియం పరీక్ష చేయించమని మీరే నోరు తెరిచి అడగండి. 1915కి మీరూ ఫోన్ చేయండి, మాలాగే ఇంకెన్ని ఇళ్లకి ఈ డబ్బాలు వచ్చాయో వాళ్లకి తెలియాలి.