డైనమోడీబీలో తెలుగు రికార్డులు చేర్చడం: నాలుగేళ్ల వాడకం తరువాత

మా ఊరి పాత గ్రంథాలయంలోని పుస్తకాల జాబితాను కంప్యూటరులోకి ఎక్కించే పని నాలుగేళ్లుగా చూస్తున్నాను. రిజిస్టర్లలోని వివరాలను వాలంటీర్లు ఒక వెబ్ ఫారంలో టైపు చేస్తే, అవి ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) ద్వారా అమెజాన్ వారి క్లౌడ్ డేటాబేస్ అయిన డైనమోడీబీ టేబుల్‌లో చేరుతాయి. ఇప్పటికి సుమారు 40,000 రికార్డులు చేరాయి. దాదాపు అన్నీ తెలుగు పుస్తకాలవే కావడం వల్ల, ఇంగ్లీషు సమాచారం దాచుకునేవారికి అంతగా పట్టని కొన్ని సంగతులు మాకు ముఖ్యమయ్యాయి.

ఒక్క రికార్డు చేర్చడానికి వాడే ఆదేశం పుట్‌ఐటమ్. టేబుల్ పేరును, రికార్డు వివరాలను, డేటాను రాసే ఒక పద్ధతి అయిన జేసన్‌గా రాసి, డిజిటల్ సంతకంతో పోస్ట్ రిక్వెస్టుగా పంపాలి. ప్రతి విలువకూ దాని రకం చెప్పాలి, సంఖ్యలను కూడా కొటేషన్ల మధ్యనే పంపాలి. ఎస్‌డీకే (అమెజాన్ ఇచ్చే ప్రోగ్రామింగ్ లైబ్రరీ) వాడితే ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది. కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే విలువ) తప్ప మిగతా ఫీల్డులను ముందుగా ప్రకటించనక్కరలేదు కాబట్టి, ఒక పుస్తకానికి ప్రచురణకర్త పేరుండి మరొకదానికి లేకపోయినా ఇబ్బంది రాదు. పాత రిజిస్టర్లతో పనిచేసేవారికి ఈ వెసులుబాటు ఎంతో విలువైనది.

అయితే పుట్‌ఐటమ్‌ను చేర్చే ఆపరేషన్ అని మాత్రమే అనుకోవడం ప్రమాదకరం. అదే కీతో రికార్డు అప్పటికే ఉంటే, కొత్తది పాతదాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమిస్తుంది, జవాబు మాత్రం విజయవంతమైనట్లే వస్తుంది. మొదట్లో నేను యాక్సెషన్ నంబరునే (పుస్తకం చేరినప్పుడు రిజిస్టరులో ఇచ్చే వరుస సంఖ్య) కీగా పెట్టాను. రెండో ఏడాది ఒక కుటుంబం తమ ఇంటి గ్రంథాలయాన్ని మాకు దానం చేసింది, వాళ్ల రిజిస్టరులో కూడా నంబర్లు 1 నుంచే మొదలయ్యాయి. ఆ వివరాలు ఎక్కించిన మూడు వారాలకు, జాబితాలో ఎప్పుడూ కనబడే ఒక పుస్తకం లేదని ఒక పాఠకుడు అడిగితే వెతికి చూశాం. మా పాత రికార్డులు 312 కనుమరుగయ్యాయి. గడిచిన 35 రోజులలో ఏ క్షణానికైనా టేబుల్‌ను పునరుద్ధరించే సదుపాయాన్ని ముందే ఆన్ చేసి ఉంచాం కనుక, ఎక్కించడానికి ముందటి స్థితిని మరో కొత్త టేబుల్‌గా తెచ్చుకుని, పోయినవాటిని అక్కడినుంచి తిరిగి చేర్చాం. ఆ తప్పు నా రూపకల్పనదే. ఇప్పుడు సేకరణ సంకేతం, యాక్సెషన్ నంబరు కలిసి కీ అవుతాయి. పైగా ప్రతి రిక్వెస్టులో, ఈ కీ ఇంతకుముందు లేకపోతేనే రాయమనే షరతు, అంటే అట్రిబ్యూట్‌_నాట్‌_ఎగ్జిస్ట్స్, తప్పనిసరిగా ఉంటుంది. షరతు విఫలమైనా రైట్ యూనిట్ల (రాతకు అమెజాన్ లెక్కగట్టే కొలత) ఖర్చు పడుతుంది, ఆ ఖర్చుకు నేను వెనుకాడను.

ఒకేసారి 25 రికార్డుల వరకు పంపగల బ్యాచ్‌రైట్‌ఐటమ్‌కు ఇలాంటి షరతులు పెట్టడం కుదరదు. అందులో మరో జాగ్రత్త కూడా అవసరం: జవాబు 200 (విజయం అనే సంకేతం) అని వచ్చినంత మాత్రాన అన్నీ చేరినట్లు కాదు. చేరనివి అన్‌ప్రాసెస్డ్‌ఐటమ్స్ అనే జాబితాలో తిరిగి వస్తాయి, వాటిని కాస్త ఆగి, ప్రతిసారీ ఆగే వ్యవధిని పెంచుతూ మళ్లీ పంపాలి. ఆ జాబితాను చదవని ప్రోగ్రాం రికార్డులను నిశ్శబ్దంగా పోగొడుతుంది.

ఇక తెలుగు సంగతి. ఒక రికార్డు 400 కేబీ దాటకూడదు, రాతకు 1 కేబీకి ఒక యూనిట్ చొప్పున లెక్క. ఈ కొలత అక్షరాలది కాదు, అక్షరాలను కంప్యూటరులో దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8 బైట్లది. తెలుగులో ప్రతి యూనికోడ్ గుర్తుకూ 3 బైట్లు పడతాయి. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరమే అయినా దానిలో 4 గుర్తులు, అంటే 12 బైట్లు ఉన్నాయి. 500 గుర్తుల పుస్తక పరిచయం ఇంగ్లీషులో ఒక యూనిట్‌లో ఇమిడిపోతే, తెలుగులో రెండు యూనిట్లు అవుతుంది. ఫీల్డుల పేర్లు కూడా ప్రతి రికార్డులో లెక్కకు వస్తాయి కాబట్టి, మనసొప్పకపోయినా వాటిని పొట్టి ఇంగ్లీషు అక్షరాలకు మార్చాను. 2024 నవంబరులో, వాడినంతకే చెల్లించే ఆన్‌డిమాండ్ ధరలు సగానికి తగ్గాక మాలాంటి చిన్న పనికి ఈ భారం పెద్దగా తెలియడం లేదు.

బైట్ల పోలిక వల్ల వచ్చే చిక్కు ఇంతకన్నా గట్టిది. కొన్ని కీబోర్డులలో టైపు చేస్తే 'టాగోర్' చివర కంటికి కనబడని, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు అయిన జీరో విడ్త్ నాన్‌జాయినర్ చేరుతుంది, కొన్నింటిలో చేరదు. తెరపై రెండూ ఒకటే, డైనమోడీబీకి మాత్రం వేరువేరు. రచయిత పేరుతో వెతకడానికి పెట్టుకున్న ఇండెక్సులో అందువల్ల ఒకే మనిషి ఇద్దరయ్యాడు. ఏపీఐకి పంపేముందే యూనికోడ్ రూపాన్ని ఏకరీతిగా మార్చి, మాట చివర ఉన్న ఆ గుర్తును తొలగించే చిన్న ఫంక్షన్ ఒకటి రాశాను. శుభ్రం చేసిన పేరు ఒక ఫీల్డులో, వాలంటీరు టైపు చేసిన మూలరూపం మరో ఫీల్డులో ఉంటాయి. కొత్త రికార్డులకు ఇక ఆ చిక్కు లేదు. పాతవాటిని ఒక్కొక్కటిగా చదివి తిరిగి రాయవలసి వస్తోంది, ఇప్పటికి సగం పూర్తయ్యాయి.