ప్రాంప్టు దాచుకునేది ఎక్కడ: నోట్‌లోనా, టూల్‌లోనా, బొమ్మలోనా?

బెజవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న డిజైన్ షాపు. మంగళగిరి చీరల కొట్లకి బ్యానర్లు, గుంటూరు మిర్చి వ్యాపారులకి వాట్సాప్ స్టేటస్ పోస్టర్లు చేస్తుంటాం. చీర మాత్రం ఫోటోనే పెడతాం. నిజాం అంచు, సాదా ఒళ్లు అని ఎంత మొత్తుకున్నా ఏఐ ఒళ్లంతా బుటాలు చల్లేస్తుంది. అయినా కొట్లో లేని చీర చూపించడం మనకెందుకు? వెనక మండపం, ఎండ పడే తీరు, అవే గీయించుకుంటాం. అక్షరాలు ఎలాగూ ఫోటోషాప్‌లోనే. వీటికి ఏఐకి రోజూ అవే పాతిక మాటలు, అంటే ప్రాంప్టు, కొట్టలేక దాచుకోవడం మొదలుపెట్టాం.

మొదట ఫోన్ నోట్‌లో రాసుకున్నాం. పైసా ఖర్చు లేదు, ఏ టూల్‌లోనైనా అతికించుకోవచ్చు. నెల తిరిగేసరికి ‘మండపం కొత్తది’, ‘మండపం ఫైనల్’, ‘మండపం ఇదే’ అని మూడు తయారయ్యాయి. ఏది బాగా వచ్చిందో ఎవరికీ గుర్తులేదు.

తర్వాత బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్‌కి వాడే ఆటోమేటిక్1111 అనే ప్రోగ్రామ్‌లో స్టైల్స్ మొదలుపెట్టాం. మాటల్ని ఒక పేరుతో సేవ్ చేస్తే తర్వాత జాబితాలోంచి ఎంచుకోవడమే. వద్దనుకున్నవి రాసే నెగెటివ్ ప్రాంప్టూ దాంతోపాటే ఉంటుంది. స్టైల్ మధ్యలో ఫ్లవర్ బ్రాకెట్లలో ఇంగ్లీషులో ప్రాంప్ట్ అని రాస్తే మనం కొట్టింది సరిగ్గా అక్కడ కూర్చుంటుంది. రాయకపోతే స్టైల్ మాటలన్నీ కామా పెట్టుకుని చివర చేరతాయి. వస్తువు పేరుకి ముందూ వెనకా మాటలు కావాలంటే ఆ బ్రాకెట్లు తప్పవు.

సుఖంగానే ఉంది కానీ, ఎంచుకున్న స్టైల్ మనం తీసేదాకా అలాగే ఉంటుంది. చీరల బ్యానర్‌కి పెట్టిన ‘బంగారు వెలుతురు’ తీయడం మరిచిపోయి తేజ మిర్చి వ్యాపారికి పోస్టర్ చేశాను. ఎరుపు మీదే బేరమాడే మనిషాయన. “దుగ్గిరాల పసుపు కొమ్ములు పంపారేంటండీ?” అన్నాడు.

ఇంకో దెబ్బ కూడా నా చేతులారా తిన్నదే. ఈ స్టైల్స్ అన్నీ ఆటోమేటిక్1111 ఫోల్డర్‌లో ఒక చిన్న సీఎస్‌వీ (పట్టికలాంటి) ఫైలులో ఉంటాయి. సిస్టమ్ ఫార్మాట్ కొట్టేటప్పుడు బొమ్మలన్నీ కాపీ చేసి దాన్ని వదిలేశాను. పైగా అందులో ఉండేవి మాటలే. ఏ మోడల్ (గీసే ఏఐ రకం), ఏ సీడ్ (బొమ్మ ఏ నంబరుతో మొదలైందో), ఎంత సైజు అన్నది ఉండదు. మోడల్ మారిస్తే అవే మాటలకి మండపం కాస్తా పెళ్లి స్టేజీ అయిపోతుంది.

మిడ్‌జర్నీ అనే ఇంకో ఏఐ వాడేవాళ్లకి డిస్కార్డ్ చాట్ యాప్‌లో, తరచూ వాడేవాటిని ఒక పేరుతో దాచుకునే ప్రిఫర్ ఆప్షన్ సెట్ అనే కమాండ్ ఉంది. అది అకౌంట్‌తో ఉంటుంది కాబట్టి ఫార్మాట్ భయం లేదు.

మూడోది బొమ్మే. ఆటోమేటిక్1111 మామూలుగా తీసే పీఎన్‌జీ బొమ్మ ఫైలులో ప్రాంప్ట్, సీడ్, సైజు, మోడల్ అన్నీ రాసి ఉంటాయి. పీఎన్‌జీ ఇన్ఫో ట్యాబ్‌లో వేస్తే బయటికొస్తాయి. కంఫీయూఐ అనే ఇంకో ప్రోగ్రామ్‌లో అయితే దాంతో చేసిన బొమ్మని లాగి వదిలితే వర్క్‌ఫ్లో, అంటే బొమ్మ తయారైన దారి, మొత్తం తెరుచుకుంటుంది. ఒక్కటే షరతు: వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ రాతంతా పోతుంది. డాక్యుమెంటుగా పంపాలి.

మరి ఏది మేలంటే, నా ఓటు బొమ్మకే. ప్రాంప్టుతోపాటు దాని ఫలితమూ కళ్ల ముందుంటుంది, ‘ఫైనల్’ ఏదన్న తగువే రాదు. ఒకే మిషన్ మీద రోజూ అదే రకం పని చేసేవాళ్లు స్టైల్స్ వాడుకోవచ్చు, ఆ సీఎస్‌వీని వారానికోసారి డ్రైవ్‌లో వేసుకుంటే చాలు. నోట్ ఒక్కటే నమ్ముకోవద్దంటాను. ఇప్పుడు మా దగ్గర ‘అసలు’ అని ఒక ఫోల్డర్ ఉంది. కస్టమర్ ఓకే అన్న పీఎన్‌జీ, లోగో అక్షరాలు పెట్టకముందుది, తేదీతో అందులోకి వెళ్తుంది. మిర్చి పనికి కూర్చునే ముందు మాత్రం స్టైల్స్ డబ్బా ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూస్తున్నాను.