పదేళ్లు వాడిన వెదురు విల్లు: నా అనుభవం

నా వెదురు విల్లుకు ఈ నవంబరుతో పదేళ్లు నిండాయి. పొడవు ఐదున్నర అడుగులు. కొన్న రోజు వేలాడదీసే తూకానికి తగిలించి 28 అంగుళాలు లాగితే 38 పౌండ్లు, అంటే 17 కిలోల పైచిలుకు చూపించింది. మొన్న అదే తూకంతో చూస్తే 34 ఉంది. నారి విప్పి నేల మీద పెడితే అంగుళం మేర వంపు మిగిలిపోయి కనబడుతుంది. వయసు మీద పడిన గుర్తులంటే ఇవే. కొనేముందు నేను ఎంత వెదికినా ఏళ్ల తరబడి వాడినవాళ్లు చెప్పే మాట దొరకలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది సిద్ధవటం దగ్గర పల్లె. ఉద్యోగం కడపలో, ఆదివారం చేనికాడ. ఈ పిచ్చి మా అబ్బ (తాత) దగ్గర మొదలైంది. ఆయన సజ్జచేలో మంచె మీద కూర్చుని ఉండేలుతో పిట్టల్ని తోలేవాడు. ఇప్పటి రబ్బరు ఉండేలు కాదు, వెదురుబద్దకు నారి కట్టి మధ్యలో మట్టి ఉండ పెట్టి వదిలేది. రాత్రి మంచాలు వాకిట్లో వేసుకున్నాక, సంక్రాంతి పారువేటకు ఊరంతా కట్టెలు, కుక్కలతో చెవులపిల్లుల వెంట పోయిన కథలు చెప్పేవాడు. అవన్నీ 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు మాటలు. ఆ కథల్లో జంతువును కొట్టిన సంగతి ఒక్క ముక్కలో అయిపోయేది. గాలి ఎటు వీస్తోంది, అది ఏ కంప కింద పడుకుని ఉంది, తను ఎంత దగ్గరికి పోగలిగాడు, అదంతా మాత్రం అరగంట చెప్పేవాడు. "దగ్గరికి పోయేదే ఏట నాయనా, కొట్టేది ఎంతసేపు" అనేవాడు.

ముప్పై ఆరేళ్ల వయసులో, కడపలో ఒక మైదానంలో పిల్లలు వెదురు విల్లులతో ప్రాక్టీస్ చేస్తుంటే చూసి ఆగిపోయాను. ఇండియన్ రౌండ్ అని మన దేశంలో ఒక విభాగం ఉంది. చెక్క, వెదురు విల్లులతోనే పోటీ, పెద్దవాళ్లకు 50, 30 మీటర్ల దూరాలు. ఒక అబ్బాయి విల్లు అడిగి తీసుకుని ఒక్క బాణం వేశాను. గడ్డికట్టకు కూడా తగల్లేదు. కానీ నారి వేళ్ల మీంచి జారిన ఆ క్షణం మా అబ్బ గుర్తొచ్చాడు. ఆ వారమే ఒక విల్లు కొన్నాను.

అది ఎనిమిది నెలలు కూడా బతకలేదు. తప్పు పూర్తిగా నాదే. మే నెలలో ఒక మధ్యాహ్నం నారి విప్పకుండా చేని కొట్టం గోడకు ఆనించి అన్నానికి పోయాను. ఎండ తిరిగి దాని మీద పడింది. వచ్చి లాగితే సగంలోనే పటుక్కుమని కణుపు దగ్గర చీలింది. పేడు ఒకటి లేచి చెవి పక్కనుంచి పోయింది. కడప ఎండ గురించి వేరే చెప్పాలా? వెదురు మరీ ఎండిపోతే పెళుసవుతుంది. వానాకాలం తేమ పట్టినా అంతే చేటు, పెళుసు కాకపోయినా మెత్తబడి జోరు తగ్గుతుంది. పని అయిపోగానే నారి విప్పడం, ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె పట్టించడం, గోడకు ఆనించకుండా రెండు మేకుల మీద అడ్డంగా పెట్టడం. పదేళ్లుగా ఈ విల్లుకు నేను చేసిన సేవ ఇంతే. ఇంకొకటి: బాణం లేకుండా నారి లాగి ఉత్తినే వదలకూడదు. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ చేసే పని అదే. బాణంలోకి పోవాల్సిన బలమంతా తిరిగి విల్లు మీదే పడుతుంది.

రెండో విల్లు, అంటే ఇప్పటి ఈ విల్లు కొనేటప్పుడు ఏం చూడాలో తెలిసింది. వెదురులో నారపోగులు పైతోలు దగ్గర దట్టంగా ఉంటాయి, బలమంతా అక్కడే. అందుకే పైతోలు గురి వైపు, లోపలి మెత్తని భాగం మన వైపు ఉండాలి. లాగినప్పుడు సాగేది పైతోలే. కణుపుల దగ్గర నున్నగా చెక్కేసిన విల్లు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ పోగులు తెగి ఉంటాయి, తీసుకోవద్దు. నారి ఎక్కించి దూరంగా పట్టుకుని చూస్తే రెండు కొమ్ములూ ఒకేలా వంగాలి. పిడి మీద పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే ఆ వేలి కొన నారికి అందాలి, సుమారుగా ఆ ఎత్తు సరిపోతుంది. నారి విషయంలో మా అబ్బ జ్ఞాపకంగా కిత్తనార పేని చూశాను. రెండు రోజులకే సాగి, పోగులు లేచాయి. ఇప్పుడు డాక్రాన్ అనే పాలిస్టర్ దారం వాడుతున్నాను, పదిహేను రోజులకోసారి తేనెమైనం రుద్దుతాను. ఈ పదేళ్లలో ఇది నాలుగో నారి.

అసలు పని బాణాల్లో ఉందని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. విల్లు బాగా లేదని తిట్టుకున్నంత కాలం తప్పంతా బాణానిదే. ఒలింపిక్స్ లాంటి పెద్ద పోటీల్లో వాడే విల్లులకు బాణం పోయేచోట గాడి తీసి ఉంటుంది. మామూలు వెదురు విల్లుకు అది ఉండదు, బాణానికి పిడి అడ్డమే. నారి తోసినప్పుడు బాణం పాములా వంగి, పిడిని ఒరుసుకోకుండా చుట్టుకుని పోయి, అవతలికి చేరాక తిన్నగా సర్దుకుంటుంది. మరీ బిరుసు బాణమైతే ఎడమకు పోతుంది, మరీ మెత్తనిదైతే కుడికి (కుడిచేత్తో లాగేవాళ్లకు). నేను ఒక పలక మీద 26 అంగుళాల ఎడంలో రెండు మేకులు కొట్టుకున్నాను. పుల్లను వాటి మీద పెట్టి నడుమ 900 గ్రాముల బరువు వేలాడదీస్తాను. 17 మిల్లీమీటర్లు కిందికి వంగితే 38 పౌండ్ల వింటికి సరిపోయే పుల్ల. మేదరాయన దగ్గర తెచ్చిన నలభై పుల్లల్లో పదో పన్నెండో నిలబడతాయి. వాటిని నిప్పుల సెగ మీద తిప్పుతూ, వేడిగా ఉన్నప్పుడే బొటనవేళ్లతో నొక్కి వంకర తీస్తాను. ప్రొద్దుటూరులో బంగారు పనిచేసే మిత్రుడి తూకంలో ఒక్కొక్కటి తూస్తే 25 నుంచి 28 గ్రాముల మధ్య ఉండాలి. టర్కీ కోడి ఈకలు మూడు, మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి, లేకపోతే బాణం తిరగడం పాడవుతుంది. ప్లాస్టిక్ ఈకలు ఈ వింటికి పనికిరావు. పిడికి తగిలి బాణాన్ని పక్కకు నెడతాయి, కోడి ఈక అయితే అణిగి పోతుంది. మొదట్లో ఈక కాడ మొదలు నా ఎడమచేతి బొటనవేలి కణుపును గీసుకుంటూ పోయేది, చొక్కా మీద రక్తం చూసుకునే వరకు తెలిసేది కాదు. ఇప్పుడు కాడ మొదలు పలచగా గీకి, దాని మీద దారం చుట్టి జిగురు పూస్తున్నాను.

వేట సంగతికి వస్తాను. చాలామంది నన్ను అడిగేది ఇదే.

అమెరికాలో ఈ పాత విల్లులతో జింకలను వేటాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అక్కడి చట్టం సీజన్ పెట్టి అనుమతిస్తుంది. ఆ సంప్రదాయానికి వెనక ఉన్న ఒక మనిషి కథ నన్ను కదిలించింది. ఇషి అని, కాలిఫోర్నియా యాహీ తెగలో చివరివాడు. తనవాళ్లంతా పోయాక 1911లో ఓరోవిల్ ఊరి దగ్గర ఒంటరిగా బయటికి వచ్చాడు. 1916లో చనిపోయేలోపు, సాక్స్టన్ పోప్ అనే సర్జన్‌కు విల్లు చేయడం, వేటాడటం నేర్పాడు. ఆ డాక్టర్ రాతల వల్ల ఆ విద్య మళ్లీ వేలమందికి చేరింది. వాళ్ల పద్ధతుల్లో నాకు నచ్చింది ఒకటే నియమం. ఇరవై అడుగుల్లోనో ఇరవై గజాల్లోనో, తన చేయి ఎంత దూరానికి నమ్మకంగా గురి పెడుతుందో అంత దగ్గరికి పోలేకపోతే బాణం వేయకుండా వెనక్కి రావాలి. మా అబ్బ చెప్పింది కూడా అదే కదా.

మన దగ్గర వేట నేరం, అది నేరంగానే ఉండాలని నేను కోరుకుంటాను. వన్యప్రాణి చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే తుపాకీ, ఉచ్చు, వలతో పాటు విల్లంబులు కూడా ఉన్నాయి. ముందస్తు అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలోకి పోకూడదు. మా చేనికి లంకమల అభయారణ్యం ఎంతో దూరం లేదు కాబట్టి ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాను. శెనక్కాయ చేలో అడవిపందులు పడి తవ్వేస్తే "విల్లు ఉంది కదన్నా, ఒకటి కొట్టరాదా" అని పక్కచేని తమ్ముడు అడుగుతాడు. కుదరదనే చెబుతాను. చట్టం ఒక కారణం. నా 34 పౌండ్ల వింటితో అంత పందిని గాయపరిచి వదిలేస్తే అది రెండు రోజులు నరకం చూస్తుంది, అది రెండో కారణం.

నా పంది గోతాలతో చేసింది. మూడు గోతాల్లో వరిగడ్డి, పాతబట్టలు కుక్కి కుట్టాను. లేపాక్షి గుడి పైకప్పు మీద కిరాతార్జునీయం బొమ్మల్లో పందిని చూసి వచ్చాకే దీనికి మెడ, వీపు సరిగ్గా కుదిరాయి. ముందుకాలి వెనక బొగ్గుతో చిన్న గుండ్రం గీస్తాను. వంక గట్టున కంపచెట్ల మధ్య ఎక్కడైనా దాన్ని పెట్టమని మా వాళ్లకు చెప్పి, నేను అటు నుంచి వెదుక్కుంటూ వస్తాను. చిటికెడు మట్టి తీసి వదిలితే గాలి ఎటు ఉందో తెలుస్తుంది. ఎండుటాకుల మీద మడమ పెట్టకుండా, పాదం బయటి అంచు ముందు ఆనించి బరువు వేస్తాను. ఇరవై అడుగులు నడవడానికి పావుగంట పడుతుంది. నారి పెదవి మూలకు చేరాక గురి చూసే ముల్లూ, గాజూ ఏమీ లేవు. రెండు కళ్లూ తెరిచి ఆ నల్లటి గుండ్రాన్నే చూడాలి. బంతి విసిరేటప్పుడు చేతికి లెక్క ఎలా తెలుస్తుందో ఇదీ అంతే, రోజూ వేస్తేనే తెలుస్తుంది. పదిహేను గజాల్లో పదికి ఏడు గుండ్రంలో పడతాయి. ఇరవై ఐదు గజాలకు పోతే నాలుగు. కొసలకు కప్పీలుండే కాంపౌండ్ విల్లుతో ఇంతకంటే మూడింతల దూరం నుంచి అంతకంటే బాగా వేస్తారు. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన మన జ్యోతి సురేఖ పట్టింది ఆ విల్లునే. నేను కూడా ఒకసారి ఫైబర్‌గ్లాస్ పొరల విల్లు కొని ఏడాది వాడాను. ఎండకూ వానకూ బెదరదు, గురి బాగుంది, ఒక్క ఇబ్బంది పెట్టలేదు. కానీ అది చేతిలో ఉంటే దూరం నుంచే వేయబుద్ధి అవుతుంది. మేనల్లుడికి ఇచ్చేశాను.

విల్లు నేర్పిన నడకను విల్లు లేకుండా కూడా వాడుకుంటాను. చలికాలం ఒకరోజు పొద్దున్నే విల్లు కొట్టంలోనే ఉంచి వట్టి చేతులతో చేని గట్టు మీద పోతున్నాను. శెనక్కాయ తీసేసిన చేలో ఒక చెవులపిల్లి మేస్తోంది. గాలి నా ముఖం మీదికే ఉంది. అది తల దించినప్పుడు ఒక అడుగు, ఎత్తినప్పుడు ఆగిపోవడం. ఇరవై రెండు అడుగుల నుంచి ఎనిమిది అడుగులకు వచ్చాను. సూర్యుడు దాని వెనక ఉన్నాడు. చెవుల్లో ఎర్రటి నరాలు చెట్టుకొమ్మల్లా కనబడ్డాయి, నమిలేటప్పుడు మీసాలు కదలడం కనబడింది. అంతలో తీతువు పిట్ట ఒకటి లేచి అరిచింది, చెవులపిల్లి వంకలోకి దూకింది. నా మోకాళ్లు వణుకుతున్నాయి. చేతిలో విల్లు ఉండి ఉంటే ఆ చెవులను అంతసేపు చూసేవాణ్ని కాదేమో.

1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది మా సిద్ధవటం పక్కన రెడ్డిపల్లి దగ్గరే. శాస్త్రవేత్తలకు దాన్ని పట్టి చూపించింది పిట్టలు పట్టే ఒక పల్లెటూరి మనిషి. వేటగాడి కళ్లకు ఉన్న ఆ విలువ చంపకుండా కూడా నిలుస్తుందని నాకు గట్టి నమ్మకం.

కొనాలనుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. 25, 30 పౌండ్లకు మించి మొదలుపెట్టవద్దు. నేను పౌరుషానికి పోయి 38 తీసుకున్నాను, మొదటి ఏడాదంతా కుడి భుజం నొప్పితో నిద్ర పట్టేది కాదు. ముంజేతికి తోలుపట్టీ, వేళ్లకు తోలు తొడుగు విల్లుతో పాటే కొనండి. బాణం తప్పితే ఎక్కడ పడుతుందో ముందే చూసుకోండి, నేను గుట్ట అడ్డంగా ఉన్నచోట తప్ప వేయను. బయటికి తీసుకుపోతే నారి విప్పి, బాణాలు విడిగా కట్టండి. మాది ఎర్రచందనం ప్రాంతం, పొడుగాటి సంచి భుజానికి ఉంటే చెక్‌పోస్టులో ఆపుతారు. ఒకసారి నన్ను గంటసేపు కూర్చోబెట్టారు. చాలా టెన్షన్ పడ్డాను, కానీ వాళ్ల పని అది. విల్లు కొన్న రసీదు, పోటీల గుర్తింపు కార్డు చూపించాక పంపించారు. అప్పటి నుంచి విల్లు చేని కొట్టం దాటి బయటికి రావడం తక్కువ.

ఎనిమిదో తరగతి చదివే మా పాపకు ఈ ఏడాది 20 పౌండ్ల చిన్న విల్లు కొన్నాను. పోయిన ఆదివారం గోతాల పంది మీదికి ఇద్దరం కలిసి పోతున్నాం. నేను బాణం సంధించి గుండ్రం మీదే చూపు పెట్టాను. పాప నా మోచేయి తాకి "నాయనా, గాలి మారింది" అంది. చిటికెడు మట్టి తీసి వదిలాను. అది మా వెనక నుంచి పంది వైపు పోయింది. బాణం పొదిలో పెట్టేసి, వంక చుట్టూ తిరిగి మళ్లీ మొదటి నుంచి వచ్చాం.